నిప్పుకొండల బాట

మన పెద్దలు గూడుబండి కట్టుకొని తిరునాళ్ళకు పోవుచుండెడివారు. బండిలో వరిగడ్డి పఱచి, దానిపై జంపఖానా వేసి, వంటపాత్రలను, బియ్యమును, పప్పును, ఉప్పును మూటగట్టి వెంట తీసికొనిపోవువారు. ప్రొద్దు గ్రుంకినచోట బండి నిలిపి, చెట్టు క్రింద మూడు రాళ్ళ పొయ్యి పెట్టి వండుకొని తిని, మఱునాడు కోడికూతవేళ ఎడ్లను కట్టి సాగిపోవువారు. ఇల్లు విడిచి పోయినను ఇంటిలో సగము వారి వెంటనే యుండెడిది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నేటికిని జనులు సెలవులలో ఇట్టి బండిపై దూరప్రయాణములు చేయుదురు. ఐతే దానికి ఎడ్లకు బదులు మోటారు యంత్రము, గడ్డిపాన్పునకు బదులు మెత్తని మంచములు, మూడు రాళ్ళకు బదులు గ్యాసు పొయ్యి యుండును. మంచినీటికి ఒక తొట్టి, వాడిన నీటికి వేఱు తొట్టి, స్నానపు గది, దీపములు, అన్నియు ఆ చిన్న చోటులోనే అమరియుండును. వారు దానిని 'ఆర్.వి.' యని పొడి యక్షరములతో పిలుతురు. మనము 'ఇంటిబండి' యని చెప్పుకొందము.

ఇంటిబండ్లవారు మక్కువతో పోవు మార్గములలో ఒకటి కాలిఫోర్నియా రాష్ట్రపు ఉత్తర భాగమున గల లాసెన్ శిఖరము దగ్గఱ మొదలై, ఆరెగన్ రాష్ట్రమునందలి క్రేటర్ సరస్సు వఱకు పోవును. దాని పొడవు సుమారు 500 మైళ్ళు. ఆ దారిలో మహానగరము లేదు. కొన్ని వందలమంది, కొన్ని వేలమంది నివసించు చిన్న యూళ్ళు మాత్రమే కలవు. ఆ యూళ్ళకు ప్రక్కనే నిప్పుకొండలు నిలిచియున్నవి. వానిలో కొన్ని చల్లారినవి. కొన్ని కేవలము నిదురించుచున్నవి. నిప్పుకొండ నీడలో మనుష్యు లెట్లు బ్రదుకుచున్నారు? ఆ కొండలు వారికి ఇచ్చినదేమి, వారినుండి తీసికొన్నదేమి? ఈ ప్రశ్నలకు జవాబు తెలిసికొనుటకై మనమును మనస్సుచేత ఆ బండి నెక్కి దక్షిణమునుండి ఉత్తరమునకు ప్రయాణము చేయుదము.

బండి కదలక పూర్వమే కొన్ని నియమములు తెలిసికొనవలెను. ఇంటిబండి మిక్కిలి బరువైనది. కొండదారిలో దిగునపుడు ఊరక బ్రేకు త్రొక్కుచు పోయినచో బ్రేకులు వేడెక్కి పట్టు తప్పును. కావున చిన్న గేరులో పెట్టి, యంత్రమే బండిని నిగ్రహించునట్లు నెమ్మదిగా దిగవలెను. వాడిన నీటిని దారిప్రక్క పాఱబోయరాదు. దానికై ఏర్పఱచిన చోటనే వదలవలెను. రాత్రి విడిదికై అడవిలో ప్రత్యేకముగా స్థలములు కలవు. అచ్చట ఎలుగుబంట్లు తిరుగును గనుక తినుబండారములను బయట నుంచక ఇనుపపెట్టెలలో పెట్టి మూయవలెను. మనము ఆ యడవికి అతిథులము. అతిథి ఇంటి మర్యాద తప్పరాదు గదా!

ఈ ప్రాంతమున ఇన్ని నిప్పుకొండ లేల పుట్టినవి? భూమి పైపొర ఒకే ముక్క కాదు. అది కొన్ని పెద్ద ఫలకములుగా నున్నది. ఆ ఫలకములు మన గోళ్ళు పెరుగునంత నెమ్మదిగా జరుగుచుండును. అమెరికా పడమటి తీరమున సముద్రపు అడుగుననున్న ఫలకమొకటి ఖండపు ఫలకము క్రిందికి దూఱిపోవుచున్నది. అది లోతునకు పోయినకొలది దానియందు చిక్కియున్న నీరు వెలువడి పైనున్న వేడి శిలలో చేరును. నీరు చేరిన శిల తక్కువ వేడికే కరగును. ఇట్లు కరగిన శిలాద్రవము చుట్టునున్న ఱాతికంటె తేలికైనది గనుక పైకి తేలును. అది నేలను చీల్చుకొని వచ్చిన చోట్లనే నిప్పుకొండలు లేచినవి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా మొదలు కాలిఫోర్నియా ఉత్తర భాగమువఱకు వరుసగా నిలిచిన ఈ కొండలకే కాస్కేడ్ పర్వతములని పేరు.

పైకి వచ్చిన శిలాద్రవమును లావా యందురు. లావాలన్నియు ఒక్క తీరువి కావు. కొన్ని గంజివలె పలుచన. అవి మైళ్ళకొలది ప్రాకి, పఱచుకొని గడ్డకట్టును. కొన్ని సంకటివలె చిక్కన. అవి కదలలేక పుట్టినచోటనే గుట్టపడును. చిక్కని లావాలో వాయువులు చిక్కుకొనిపోయి, మూత బిగించి కాచిన కుండవలె ఒకనాడు ప్రేలును. ఈ తేడాలనుబట్టియే కొండల ఆకారములును మాఱును. పలుచని లావా పఱచుకొనగా డాలును బోర్లించినట్టి కొండ యేర్పడును. లావాయు బూడిదయు పొరలు పొరలుగా పేరుకొనగా ఎత్తైన పొరల కొండ యగును. ఎగిరిపడిన మాడురాళ్ళు కుప్పపడగా ధాన్యపురాశివంటి శంకువు నిలుచును. చిక్కని లావా ఉబ్బి నిలువగా గుమ్మటము వంటి కొండ పుట్టును. ఈ నాలుగు విధముల కొండలును ఒక్కచోటనే కనబడు తావు లోకమున అరుదు. మన ప్రయాణములో మొదటి మజిలీయగు లాసెన్ జాతీయోద్యానవనము అట్టి తావు.

లాసెన్ శిఖరము ఎత్తు 10,457 అడుగులు. అది గుమ్మటము వంటి నిప్పుకొండ. లోకములో ఆ జాతి కొండలలో మిక్కిలి పెద్దవానిలో ఒకటి. అది పుట్టి సుమారు 27,000 సంవత్సరము లైనది. చుట్టుప్రక్కల పల్లెలవారు దానిని చచ్చిన కొండ యనియే తలచియుండిరి. అట్టిది 1914వ సంవత్సరము మే నెల 30వ తేదీని శిఖరమునుండి ఆవిరిని, బూడిదను చిమ్మ మొదలిడెను. తరువాతి సంవత్సరకాలములో నూటయేబదికి పైగా ప్రేలుళ్ళు జరిగినవి. బెంజమిన్ లూమిస్ అను స్థానికుడు బరువైన కెమెరాను మోసికొనిపోయి 1914 జూన్ నెలలో ఆ ప్రేలుళ్ళను వరుసగా చిత్రములు తీసెను. అవి నేటికిని నిలిచియున్నవి.

1915వ సంవత్సరము మే 19వ తేదీ రాత్రి కొండముఖమునందలి కాలుచున్న లావాగడ్డలు పగిలి, వాలుపై పేరుకొనియున్న మంచుమీద పడినవి. మంచు ఒక్కసారిగా కరగెను. ఆ నీరు బూడిదను, మట్టిని, బండలను, వేళ్ళతో పెకలించిన చెట్లను కలుపుకొని బురదవఱదయై హాట్ క్రీక్ అను వాగు లోయలోనికి దుమికినది. లోయలో కొందఱు రైతులు నిదురించుచుండిరి. వారిలో నొకడు తన కుక్క మొఱగుటచే మేలుకొని, బయటికి వచ్చి చూచి, ఎదురుగా వచ్చుచున్న బురదగోడను కాంచి పరుగెత్తి పొరుగువారిని లేపెను. ఇండ్లు చెడినవి, పొలములు పూడిపోయినవి, మనుష్యులు మాత్రము బ్రదికిరి. మూడు దినములకు, మే 22వ తేదీ సాయంకాలము, కొండ మహాధ్వనితో ప్రేలెను. బూడిదస్తంభము 30,000 అడుగుల ఎత్తు లేచినది. తూర్పున 200 మైళ్ళ దూరమువఱకు బూడిద రాలినది. ముందు వచ్చిన వఱదకు వెఱచి లోయవారు తొలగిపోయి యుండుటచే ఆనాడును ప్రాణనష్టము కలుగలేదు. మఱుసటి సంవత్సరము, 1916 ఆగస్టులో, ప్రభుత్వము వారు ఆ ప్రదేశమును జాతీయోద్యానవనముగా ప్రకటించిరి. ఆ ప్రేలుడు చెఱచిన మేర నేడు 'ధ్వంసభూమి' యని పిలువబడుచున్నది. బండి దిగి చూచినచో, బోడినేలగా మాఱిన ఆ చోట దేవదారు జాతి మొక్కలు మరల ఎదిగి నిలిచియుండుట కనబడును.

ఈ వనములోని బాట 8,512 అడుగుల ఎత్తునకు ఎక్కును. చలికాలమంతయు అది మంచుచే మూయబడియుండును. ఇంత యెత్తున గాలి యొత్తిడి తక్కువ గనుక నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడువఱకు వేడెక్కకయే, సుమారు 91 డిగ్రీలకే తెర్లును. కావున ఇంటిబండిలో వండుకొనువారికి పప్పు ఉడుకుట ఆలస్యమగును. ప్రెషర్ కుక్కరు తెచ్చుకొన్నవారికి చిక్కులేదు. పుస్తకములో చదివిన శాస్త్రము పొయ్యిమీద కనబడుట యనగా నిదియే.

బాటకు కొంతదూరమున బుసకొట్టు ఆవిరిబిలములును, ఉడుకు బురదగుంటలును గల పల్లమొకటి కలదు. గాలిలో గంధకపు వాసన యుండును. అచ్చట నొక బిలమునుండి వెలువడు ఆవిరి 161 డిగ్రీలవఱకు వేడెక్కినట్లు కొలిచియున్నారు. 1860వ దశాబ్దిలో బంపస్ అను దారిచూపరి ఈ చోటును చూపబోయి, పైన గట్టిగా కనబడిన పలుచని పెంకుమీద కాలుమోపగా అది విఱిగి, కాలు ఉడుకు బురదలో పడెను. అతడు ఆ కాలినే పోగొట్టుకొనెను. నాటినుండి ఆ చోటికి 'బంపస్ నరకము' అని పేరు వచ్చినది. ఇప్పుడు చూడవచ్చువారికి కొయ్యపలకల బాట వేసియున్నారు. బాట దాటి అడుగిడరాదని ఫలకములు చెప్పుచుండును. ఆ హెచ్చరిక వట్టిమాట కాదని ఆ చోటి పేరే చెప్పుచున్నది.

లాసెన్ వనము దాటి ఉత్తరమునకు దిగినచో, బురదవఱద పాఱిన ఆ హాట్ క్రీక్ లోయయే వచ్చును. దాని నేల యింతయు పూర్వకాలపు లావాప్రవాహము. ప్రవహించు లావా పైన చల్లారి పెంకు కట్టినను లోపలిది వేడిగనే యుండి పాఱుచుండును. మూలమునుండి వచ్చుట ఆగగానే లోపలిది జారిపోయి గొట్టమువంటి గుహ మిగులును. ఇచ్చటి గుహ యొకటి సుమారు 1,300 అడుగుల పొడవున్నది. బయట ఎండలు మండుచున్నను లోపల చలిగనే యుండును. చేతిదీపము లేక లోనికి పోరాదు.

లావానేల ఇచ్చు గొప్ప కానుక నీరు. చల్లారిన లావా బీటలతోను, రంధ్రములతోను నిండియుండును. కొండలపై పడిన వానయు, కరగిన మంచును ఆ రంధ్రములలో ఇంకి, నేలలోపల దాగి, దూరమున ఊటలై పైకి వచ్చును. బర్నీ అను చిన్న యూరికి దగ్గఱనున్న జలపాతమును చూచినచో ఈ సంగతి కన్నులకు కట్టును. దాని యెత్తు 129 అడుగులు. ఆ నీరు ఏటినుండి మాత్రమే దుముకుట లేదు. కొండగోడ నడుమనుండియు వందలాది ధారలై స్రవించుచుండును. మండువేసవిలో పైనున్న ఏరు ఎండినను జలపాతము ఎండదు. దినమునకు సుమారు 10 కోట్ల గాలనుల నీరు దానినుండి పడుచున్నది.

ఇట్టి ఊటలనుబట్టియే మెక్లౌడ్ అను ఊరికి ఒక పరీక్ష వచ్చినది. అది షాస్తా పర్వతపు దక్షిణపాదమున నున్న చిన్న యూరు. ఒకప్పుడు ఆ ఊరిలోని ఇండ్లు, అంగళ్ళు, ఆస్పత్రి యన్నియు ఒక కఱ్ఱమిల్లు కంపెనీకి చెందినవి. పిమ్మట మిల్లు మూతపడినది. పనులు పోయినవి. అట్టి దినములలో, 2003వ సంవత్సరమున, ఊటనీటిని సీసాలలో నింపి అమ్ము పెద్ద కర్మాగారము పెట్టుటకు ఒక కంపెనీ యూరివారితో ఒడంబడిక చేసికొనెను. కొందఱు పనులు వచ్చునని సంతోషించిరి. మఱికొందఱు ఊటలు, ఏఱు ఏమగునని అడిగిరి. ఆఱేండ్లు వాదములు జరిగిన తరువాత 2009లో కంపెనీ ఆ ప్రయత్నమును విరమించుకొనెను. పొట్టకూటికి పని కావలెననుటయు న్యాయమే. ఊటను కాపాడవలెననుటయు న్యాయమే. రెండు న్యాయములు ఎదురెదురుగా నిలిచినపుడు ఒక చిన్న యూరు ఎంత ఆలోచింపవలసి వచ్చునో ఈ కథ తెలుపుచున్నది.

మెక్లౌడ్ దాటగానే చూపంతయు షాస్తా పర్వతమే ఆక్రమించును. 14,179 అడుగుల ఎత్తుగల ఆ కొండ పొరల కొండ జాతిది. వేసవిలోను తలపై మంచు వీడదు. దాని పడమటి వాలున వీడ్ అను ఊరు కలదు. ఆంగ్లమున ఆ మాటకు కలుపుమొక్క యని యర్థము. యాత్రికులు ఆ పేరు చూచి నవ్వుకొందురు గాని, అది కఱ్ఱమిల్లు స్థాపించిన అబ్నర్ వీడ్ అనువాని యింటిపేరు. ఆ ఊరివారికి నిప్పుకొండకంటె తఱచుగా వచ్చు ఆపద కార్చిచ్చు. 2014లోను, మరల 2022లోను ఆ ఊరిలోని అనేక గృహములు దగ్ధమైనవి. ఐనను వారు మరల కట్టుకొనిరి.

వీడ్ దాటి వాయవ్యముగా చూచినచో షాస్తా లోయలో వందలకొలది చిన్న చిన్న దిబ్బలు కనబడును. ఇవి ఎట్లు వచ్చినవి? చాలకాలము శాస్త్రజ్ఞులకు ఈ ప్రశ్న చిక్కువడలేదు. అవి వేఱువేఱు చిన్న నిప్పుకొండలని కొందఱును, మంచునదులు తెచ్చి పడవేసిన రాశులని కొందఱును తలచిరి. జవాబు మఱియొక కొండనుండి వచ్చినది. ఇదే పర్వతపంక్తిలో ఉత్తరమున వాషింగ్టన్ రాష్ట్రములో సెయింట్ హెలెన్స్ అను కొండ కలదు. అది 1980వ సంవత్సరము మార్చి నెలనుండి కంపించుచు, ఒక ప్రక్కకు ఉబ్బుచు వచ్చెను. మే 18వ తేదీ ఉదయము 8 గంటల 32 నిముషములకు భూకంపము వచ్చి కొండ ఉత్తరపు ప్రక్క యంతయు ఒక్కపెట్టున జారిపోయెను. వెంటనే కొండ ప్రేలెను. 57 మంది మరణించిరి. ముందు సూచనలనుబట్టి చుట్టుప్రక్కలకు రాకపోకలు నిషేధింపకున్నచో ఇంకను ఎందఱు మరణించియుందురో! అట్లు జారిన కొండముక్కలు లోయలో దిబ్బలు దిబ్బలుగా నిలిచినవి. వానిని చూచిన శాస్త్రజ్ఞులకు షాస్తా లోయ జ్ఞప్తికి వచ్చెను. సుమారు మూడు లక్షల యేండ్లకు పూర్వము షాస్తాకు ముందు అచ్చట నిలిచియుండిన కొండయు అట్లే కూలి, సుమారు 30 మైళ్ళ దూరము జారినదని వారు తేల్చిరి. కన్నులయెదుట నున్న అక్షరములే, చదువుట తెలిసినపిదప అర్థమైనవి.

ఇప్పుడు ఆ కొండలను కనిపెట్టియుండుటకు అమెరికా భూగర్భ సర్వే వారు యంత్రములు అమర్చియున్నారు. నేల యెంత కంపించినది, ఎంత ఉబ్బినది, ఏ వాయువులు వెలువడుచున్నవి అని ఆ యంత్రములు ఎల్లపుడు తెలుపుచుండును. నాడు హాట్ క్రీక్ లోయలో కుక్క చేసిన పనినే నేడు యంత్రములు చేయుచున్నవి. ఐతే మొఱుగు విని మేలుకొనువాడు లేనిచో కుక్కయున్నను ప్రయోజనము లేదు.

వీడ్‌నుండి ఈశాన్యముగా ఆరెగన్ సరిహద్దువెంట పోయినచో టూలీలేక్ అను ఊరు వచ్చును. అచ్చట నొక గొప్ప సరస్సులో చాలభాగమును ఆఱబెట్టి పొలములు చేసిరి. బంగాళదుంప, ఉల్లి అచ్చటి పంటలు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942 మొదలు 1946 వఱకు, ఆ పొలముల నడుమ జపాను సంతతివారైన అమెరికా ప్రజలను నిర్బంధించిన శిబిర ముండెను. ఒకానొక సమయమున అందులో 18,000 మందికి పైగా ఉండిరి. వారు చేసిన నేరమేమియు లేదు.

ఆ ఊరికి దక్షిణమున లావాక్షేత్రము విశాలముగా పఱచుకొనియున్నది. అందు 800లకు పైగా గుహలు కలవు. నేల నల్లగా, మొనలు తేఱి, చెప్పులను కోయునట్లుండును. ఈ ప్రాంతము మోడాక్ అను ఆదివాసుల పుట్టినభూమి. ప్రభుత్వము వారు వీరిని తమ భూమినుండి తీసి వేఱొక తెగవారి నడుమ ఉంచిరి. అచ్చట బ్రదుకలేక వీరిలో కొందఱు తమ యేటి యొడ్డునకు తిరిగివచ్చిరి. 1872 నవంబరులో సైన్యము వారిని మరల పంపవచ్చెను, యుద్ధము మొదలయ్యెను. కింట్‌పువాష్ అను నాయకుని వెంట అఱువదిమందికి లోపుగా నున్న యోధులు, స్త్రీలు, పిల్లలు ఈ లావాశిలల నడుమ తలదాచుకొనిరి. ప్రతి బీటయు వారికి తెలిసిన బాటయే. ప్రతి బండయు కోటగోడయే. 1873 జనవరి 17వ తేదీని మంచుపొగలో ఎదుర్కొనవచ్చిన వందలాది సైనికులు చాలమందిని కోల్పోయి వెనుదిరిగిరి. ఏప్రిల్ 11వ తేదీ సంధి మాటలాడుచున్న సమయమున మోడాకులు సేనాని కాన్బీని చంపిరి. ఆ పని వారికిని మేలు చేయలేదు. నీటికి దారి తెగిపోగా వారు ఆ కోటను విడిచిరి. కొన్ని వారములలో పట్టువడిరి. 1873 అక్టోబరు 3వ తేదీని కింట్‌పువాష్‌ను, మఱి ముగ్గురిని ఉరిదీసిరి. మిగిలినవారిని దూరమున ఇప్పటి ఓక్లహామా రాష్ట్రమునకు పంపివేసిరి. నేడు ఆ బండల నడుమ సన్నని కాలిబాట యున్నది. దానివెంట నడచువారు సామాన్యముగా బిగ్గరగా మాటలాడరు.

అచ్చటినుండి ఉత్తరమున ఆరెగన్‌లో క్లామత్ ఫాల్స్ అను పట్టణము కలదు. మన దారిలో ఇదియే కొంచెము పెద్దది. ఈ పట్టణము క్రింద వేడినీరు పాఱుచున్నది. పట్టణమువారు ఆ నీటిని గొట్టములద్వారా త్రిప్పి చలికాలమున ఇండ్లను, బడులను వెచ్చగా నుంచుకొందురు. కాలిబాటలపైని మంచును కరగింతురు. భయపెట్టు వేడియే పనివాడై సేవచేయుచున్నది.

చివరి మజిలీ క్రేటర్ సరస్సు. బండి ఎక్కియెక్కి శిఖరపు అంచున నిలువగానే క్రింద నీలిమందు కలిపినట్టి నీరు కనబడును. సరస్సు అడ్డము 5, 6 మైళ్ళు. లోతు 1,943 అడుగులు. ఆ దేశపు సరస్సులలో నింత లోతైనది వేఱొకటి లేదు. దీనిలోనికి ఏ నదియు రాదు. దీనినుండి ఏ నదియు పోదు. వానయు మంచును మాత్రమే దీనిని నింపుచున్నవి. అందుచే నీరు అంత తేట.

ఇచ్చట ఒకప్పుడు సుమారు 12,000 అడుగుల ఎత్తుగల కొండ యుండెను. దానికి మజామా యని పేరు. ఇప్పటికి సుమారు 7,700 సంవత్సరములకు పూర్వము అది భయంకరముగా ప్రేలినది. కడుపులోని శిలాద్రవమంతయు బయటికి పోగా, ఆధారము లేని శిఖరము లోపలికి కూలి పెద్ద కొప్పెర యేర్పడినది. కొన్ని వందల యేండ్లలో అది నీటితో నిండి సరస్సైనది. ఆ బూడిద నేటి ఎనిమిది రాష్ట్రములలోను, కెనడాలోని కొన్ని ప్రాంతములలోను దొఱకుచున్నది.

క్లామత్ ఆదివాసులు తరతరములుగా చెప్పుకొను కథ యొకటి కలదు. పాతాళమునకు అధిపతియైన లావో ఈ కొండపై నిలిచెననియు, ఊర్ధ్వలోకాధిపతియైన స్కెల్ షాస్తా శిఖరముపై నిలిచెననియు, ఇరువురును నిప్పును, బండలను విసరికొనిరనియు, తుదకు లావో ఓడి నేలలోనికి క్రుంగగా అతని కొండ అతనిపై కూలెననియు ఆ కథ. ఇది వట్టి కల్పన యని పూర్వము పలువురు అనుకొనిరి. 1938లో ఆరెగన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు లూథర్ క్రెస్‌మన్ అను నతడు ఈ సరస్సునకు ఈశాన్యముననున్న ఫోర్ట్ రాక్ గుహలో త్రవ్వగా, మజామా బూడిదపొర క్రింద పొదనారతో అల్లిన చెప్పులు పదులకొలది బయటపడెను. అవి 9,000 సంవత్సరములకు మించినవని పిమ్మట తేలెను. అనగా కొండ ప్రేలిననాడు అచ్చట మనుష్యు లుండిరి, చూచిరి, పిల్లలకు చెప్పిరి, ఆ పిల్లలు తమ పిల్లలకు చెప్పిరి. అక్షరము లేని జనులు ఒక హెచ్చరికను ఏడువేల యేండ్లకు పైగా చేతులు మార్చుకొనుచు కాపాడిరి.

విద్యార్థులారా! ఇది దూరదేశపు కథ మాత్రమే యని తలపకుడు. తెలంగాణములో ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతములందలి నల్లరాయి యొకప్పటి లావాయే. సుమారు ఆఱుకోట్ల యఱువదిలక్షల యేండ్లకు పూర్వము దక్కను భూమిలో నేల చీలి ప్రవహించిన ఆ లావా శిథిలమై అచ్చటి నల్లరేగడి మట్టి యైనది. నేడు అందు ప్రత్తి పండుచున్నది. గోదావరికి ఇరుదరులను, రాజమహేంద్రవరము దగ్గఱ కాతేరున, ఆవలి యొడ్డున పంగిడి వద్దను ఇట్టి ఱాయియే కలదు. కర్నూలు మండలమునకు చెందియుండి ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన జ్వాలాపురము వద్ద మఱియొక వింత యున్నది. సుమారు 74,000 సంవత్సరములకు పూర్వము సుమత్రా ద్వీపమున టోబా యను నిప్పుకొండ ప్రేలినపుడు సముద్రము దాటి వచ్చిన బూడిద అచ్చటి లోయలో పొరగా నిలిచియున్నది. జనులు దానిని తెల్లమట్టివలె త్రవ్వి అమ్ముకొనుచుండిరి. పురాతత్త్వజ్ఞులు త్రవ్వి చూడగా, మనుష్యులు చేసిన ఱాతిపనిముట్లు ఆ బూడిదపొర క్రిందను దొఱకినవి, పైనను దొఱకినవి. ఆ సంగతి 2007లో ప్రకటితమైనది. అంతటి విపత్తు వచ్చిన పిమ్మటను ఆ లోయలో మానవుడు ఉనికి కోల్పోలేదు.

నిప్పుకొండ ఇండ్లను పూడ్చును. ఊటను, పంటనేలను, వెచ్చదనమును ఇచ్చును. దానికి కోపమును లేదు, దయయు లేదు. దాని పని దానిది. మనుష్యుని పని వేఱు: అది వ్రాసిపెట్టిన గుర్తులను చదువుట, చదివినదానిని ఇరుగుపొరుగువారికి, ముందు తరమువారికి చెప్పుట. మీ యూరి గుట్టమీది ఱాయి యే తీరుదో, చేనిలోని మట్టి యెట్లు వచ్చినదో, బావి త్రవ్వినపుడు ఏయే పొరలు కనబడినవో పెద్దల నడిగి తెలిసికొనుడు. ఇంటిబండి లేకున్నను ఆ ప్రయాణమునకు మీరు నేడే బయలుదేరవచ్చును.